అబెబె బికిలా

మారథాను అనునది సుదీర్ఘమైన పరుగుపందెము. దాని దూరము 42 కిలోమీటర్ల 195 మీటర్లు. బెల్లంపల్లి బాలుడొకడు ఇంటి గడప దాటి, మందమర్రి మీదుగా మంచిర్యాలకు పోయి, అచ్చట కూర్చుండక వెనుదిరిగి ఇల్లు చేరినచో ఇంచుమించు అంత దూరమగును. నడచుటకే దినమంతయు పట్టు ఆ దారిని పరుగుననే ముగింపవలెను. 1896లో ఏథెన్సు నగరమున నవీన ఒలింపిక్ క్రీడలు మొదలైనపుడు ఈ పందెము పుట్టినది. మరుసటి సంవత్సరము నుండియే అమెరికాలోని బోస్టను నగరమువారు దాదాపు ప్రతి వసంతకాలమునను దీనిని జరుపుచు వచ్చిరి. నేటి దూరము 1908 నాటి లండను క్రీడలలో ఏర్పడినది.

ఇట్టి పందెమునకు ఒంటరిగా సిద్ధపడువారు అరుదు. పలువురు కలిసి ఒక సంఘముగా నేర్పడి, వేకువనే లేచి, మాసముల తరబడి కూడి పరుగెత్తుదురు. బోస్టనులో పరుగెత్తగోరువారు మంచు కురియు శీతకాలమంతయు సాధన చేసి ఏప్రిలు నాటికి సిద్ధమగుదురు. మనకు వసంతమనగా ఎండలు ముదురు కాలము. కనుకనే హైదరాబాదు మారథానును వానలు పడు ఆగస్టు నెలలో జరుపుచున్నారు. పోలీసు, సైనికోద్యోగములకు ప్రయత్నించు యువకులు తెల్లవారుజామున మైదానములలో గుంపుగా పరుగెత్తుట మన ఊళ్ళలో నిత్యము కనబడు దృశ్యమే. వేగము గలవాడు ముందు సాగును. వెనుకబడినవాడు వాని మడమలపై చూపు నిలిపి, ఎట్లో కాళ్ళీడ్చుకొని వచ్చును. ఆరు నెలలు గడచునప్పటికి వీడును వానితో సమానముగా పరుగెత్తును. అట్టి గుంపులో నుండియే వచ్చి ప్రపంచమున కెల్ల పేరు తెలియబడిన ఒక సైనికుని చరిత్ర యిది.

అతని పేరు అబెబె. బికిలా అనునది తండ్రి పేరు. ఇథియోపియా దేశమున మనకు వలె ఇంటిపేర్లు లేవు. తన పేరు చెప్పి, వెంటనే తండ్రి పేరు చెప్పుకొందురు. పాశ్చాత్య పత్రికలవారు అతనిని బికిలా అని వ్రాసిరి గాని, స్వదేశీయులకు అతడు అబెబెయే. ఆఫ్రికా ఖండమునకు తూర్పు భాగమున, కొండలతో నిండిన ఆ దేశములో, షోవా మండలమందలి జాటో అను పల్లెయందు 1932 ఆగస్టు 7వ తేదీన అతడు జన్మించెను. సరిగా ఆ దినముననే లాస్ ఏంజిలిస్ నగరమున ఒలింపిక్ మారథాను జరిగినది. జాతకములను నమ్మువారికి ఇది ముచ్చటైన మాట. ఆ పల్లెవారు మాత్రము ఒలింపిక్కుల పేరైనను విని యుండరు.

బాల్యమున అబెబె పశువులను మేపుచు కొండలపై తిరిగెను. అతనికి మూడేండ్లు నిండిన కొలది కాలమునకే, 1935లో, ఇటలీ సేనలు ఇథియోపియాపై దండెత్తెను. మరుసటి యేట రాజధానియైన అడిస్ అబాబా శత్రువుల వశమయ్యెను. చక్రవర్తి హైలె సెలాసీ దేశము విడువవలసి వచ్చెను. అబెబె కుటుంబమును ఉన్న ఊరు విడిచి వేరొకచోట తల దాచుకొనెను. 1937లో ఇటలీవారు ఆక్సుమ్ అను ప్రాచీన నగరము నుండి ఒక మహాశిలాస్తంభమును రోము నగరమునకు తరలించి, అచ్చట తమ విజయచిహ్నముగా నిలిపిరి. ఈ స్తంభమును పాఠకులు గుర్తుంచుకొనవలెను. 1941లో చక్రవర్తి తిరిగి వచ్చెను. స్తంభము మాత్రము రాలేదు.

యౌవనమున అబెబె రాజధానికి వచ్చి చక్రవర్తి రక్షకదళమున సైనికుడుగా చేరెను. కర్రతో బంతిని కొట్టి ఆడు గెనా అను దేశీయక్రీడ అతనికి ప్రీతిపాత్రము. పరుగును గూర్చి అప్పటికి అతనికి ప్రత్యేకమైన ఆసక్తి ఉన్నట్లు కనబడదు. 1956లో మెల్బోర్ను ఒలింపిక్ క్రీడలకు ఇథియోపియా మొదటిసారిగా తన క్రీడాకారులను పంపినది. వారు తిరిగి వచ్చి, వీపుమీద దేశము పేరు గల దుస్తులు ధరించి కవాతు చేయుచుండగా అబెబె చూచెననియు, వారెవరో తెలిసికొని తానును అట్లు కావలెనని నిశ్చయించుకొనెననియు చెప్పుదురు. ఆ మెల్బోర్ను జట్టులో మామో వోల్డె అను మరియొక సైనికుడుండెను. అతడు అబెబెకంటె కొన్ని వారములే పెద్ద. వీరిద్దరి జీవితములును ఆ పిమ్మట పెనవేసికొని సాగినవి.

రక్షకదళమునందలి పరుగువారికి శిక్షకుడు ఒన్ని నిస్కానెన్. ఫిన్లాండులో పుట్టి స్వీడను దేశీయుడైన ఈ సైనికాధికారి 1946లో ఇథియోపియాకు వచ్చి, అచ్చటి సైనికులకు వ్యాయామము నేర్పుచుండెను. ఆయన పద్ధతిలో మంత్రతంత్రము లేవియును లేవు. సైనికులను గుంపుగా గొనిపోయి కొండదారులలో పరుగెత్తించును. ఒకనాడు ఇరువది, ముప్పది కిలోమీటర్లు నిలుకడగా. మరియొకనాడు కొద్ది దూరమును మిక్కిలి వేగముతో, నడుమ విరామమిచ్చి, పలుమారులు. పిమ్మట ఆవిరిస్నానము, విశ్రాంతి. అడిస్ అబాబా సముద్రమట్టమునకు సుమారు 2,400 మీటర్ల ఎత్తుననున్నది. అంత యెత్తున గాలి పలుచన. అందు ప్రాణవాయువు తక్కువ. ఆ లోటును తీర్చుకొనుటకు శరీరము రక్తమున ఎర్రకణములను పెంచుకొనును. ఆ పలుచని గాలిలో సాధన చేసినవాడు పల్లపు నగరమునకు దిగివచ్చి పరుగెత్తినపుడు, బరువు దించుకొన్నవానివలె తేలికగా సాగును. ఈ సంగతి నేడు పరుగువారందరికిని తెలిసినదే కాని, ఆనాడు పలువురు దీనిని లెక్కపెట్టలేదు.

అబెబె పరుగున నొక చిత్రము కలదు. అతడెంత వేగముగా సాగినను, తల కదలదు, ముఖము మారదు. అలసట ఎచ్చటనున్నదో ప్రక్కవాడు కనుగొనలేడు. తోడివారిలో అబెబె వాక్‌గిరా అను మరియొక అబెబె కూడ నుండెను. ఈ ఇరువురును కలిసి సాధన చేసి, 1960లో రోము ఒలింపిక్కులకు మారథాను పరుగువారుగా బయలుదేరిరి. బయలుదేరుటకు ముందు స్వదేశమున జరిగిన పరుగులో అబెబె బికిలా అంతవరకుగల ఒలింపిక్ రికార్డునే మించెను. ఆ రికార్డు 1952లో చెక్ దేశీయుడైన ఎమిల్ జాటోపెక్ నెలకొల్పినది. లోకమున నెవ్వరును దీనిని పట్టించుకొనలేదు. పేరు తెలియని దేశము, పేరు తెలియని సైనికుడు!

రోమున సెప్టెంబరు 10వ తేదీన, ఎండ చల్లారిన పిమ్మట, సాయంకాలము పందెము ప్రారంభమయ్యెను. అబెబెకు దొరికిన బూట్లు పాదములకు సరిపడక బొబ్బలు లేపెను. చిన్ననాటి నుండియు వట్టి కాళ్ళతో తిరిగినవాడు, సాధనలోను వట్టి కాళ్ళతో పరుగెత్తినవాడు కనుక, అతడు పాదరక్షలు లేకయే బరిలో నిలిచెను. చూచినవారు నవ్వుకొనిరి. మొరాకో దేశీయుడైన రాదీ అనువాడు గట్టివాడనియు, అతని అంగీపై 26 అను అంకె యుండుననియు నిస్కానెన్ ముందుగా హెచ్చరించియుండెను. కాని రాదీ ఆనాడు 185 అను అంకెతో పరుగెత్తెను. అబెబెకు ఈ మార్పు తెలియదు. సగము దారి దాటినది, ఒక్కొక్కరే వెనుకబడిరి, 185 అంకె గలవాడొక్కడే ప్రక్కన నిలిచెను. అబెబె మాత్రము 26 అంకె గలవాడు ఇంకను ముందెచ్చటనో యున్నాడని తలచి, వానిని అందుకొనవలెనని వేగము తగ్గింపక సాగుచుండెను. వెదకుచున్నవాడు తన భుజము ప్రక్కనే ఉన్నాడని అతడెరుగడు.

చీకటి పడెను. ప్రాచీనమైన అప్పియన్ రాజమార్గమున సైనికులు దివిటీలు పట్టి నిలువబడిరి. ఆ వెలుగులో రెండు నీడలు కలిసి పరుగెత్తెను. గమ్యము చేరువలో, దారి ప్రక్క, ఆక్సుమ్ శిలాస్తంభము నిలిచియున్నది. పందెమునకు ముందు దారినంతయు పరిశీలించినపుడే అబెబెయు గురువును ఈ చోటును గుర్తించి, ఇచ్చటనే వేగము పెంపవలెనని నిర్ణయించుకొనియుండిరి. స్తంభము దగ్గరకు రాగానే అబెబె రాదీని విడిచి ముందునకు దూకెను. కాన్‌స్టంటైను తోరణమువద్ద గమ్యరేఖను దాటునప్పటికి 2 గంటల 15 నిమిషముల 16 సెకండ్లు గడచెను. అంతకుముందు లోకమున నెవ్వరును మారథానును అంత శీఘ్రముగా ముగించి యెరుగరు. రాదీ 25 సెకండ్లు వెనుకబడెను. రెండవ అబెబె ఏడవవాడుగా వచ్చెను. నల్లజాతి ఆఫ్రికావారిలో ఒలింపిక్ స్వర్ణపతకము గెలిచిన మొదటివాడు అబెబె బికిలా.

లెక్కలయందు ఆసక్తిగల విద్యార్థులు దీనిని గమనింపవలెను. అతడు కిలోమీటరొక్కింటికి 3 నిమిషముల 12 సెకండ్ల చొప్పున పరుగెత్తెను. పోలీసు ఎంపికలో మన యువకులు పరుగెత్తు 1600 మీటర్లను ఆ లెక్కను అయిదు నిమిషములకు కొంచెము పైగా ముగించి, ఆగక, అట్లు ఇరువదియారు మారులు చేయవలెను.

ఇటలీ సేనలు దండెత్తి వచ్చిన ఇరువదియయిదేండ్లకు ఇథియోపియా సైనికుడొకడు వట్టి కాళ్ళతో రోమును జయించెనని పత్రికలు వ్రాసెను. ఆ స్తంభము పిమ్మట చాల యేండ్లకు, 2005లో, స్వదేశమునకు చేరి, 2008లో ఆక్సుమ్ నగరమున మరల నిలుపబడినది.

చక్రవర్తి అబెబెను సత్కరించెను. ఉన్నతపదవి కలిగెను. కాని మూడు నెలలకే, డిసెంబరులో, రక్షకదళాధిపతియే చక్రవర్తిపై తిరుగుబాటు చేసెను. అది విఫలమయ్యెను. ఆ దళమువాడైనందున అబెబెయు కొలదికాలము నిర్బంధింపబడి, ప్రశ్నింపబడి, దోషము లేదని విడువబడెను. తోడి సైనికులలో పలువురు ఆ పోరున మరణించిరి. 1961లో అతడు ఏథెన్సు, ఒసాకా, కొషిట్సే నగరముల మారథానులను మూడింటిని గెలిచెను.

ఇక బోస్టను సంగతి. ఓటమి కనుక అతని చరిత్రకారులలో పలువురు దీనిని రెండు మాటలలో దాటవేయుదురు. నాకు మాత్రము రోము కంటె ఇదియే చెప్పదగినదిగా తోచును. 1963 ఏప్రిలు 19న అబెబెయు మామోయు బోస్టను మారథానున పాల్గొనిరి. హాప్కింటన్ అను చిన్న ఊరి నుండి పందెము మొదలై నగరము నడిబొడ్డున ముగియును. కూడి సాధన చేసిన ఇరువురును కూడియే పరుగెత్తిరి. రికార్డును మించు వేగముతో 29 కిలోమీటర్లవరకు వారిద్దరే ముందు సాగిరి. అచ్చట న్యూటన్ అను చోట వరుసగా గుట్టలున్నవి. వసంతమని పేరేగాని, ఆనాడు చలిగాలి వీచెను. ఆ గాలికిని, ఆ ఎత్తులకును ఇద్దరి కాళ్ళును పట్టుకొనెను. బెల్జియం దేశీయుడైన వాండెన్‌డ్రీషె వారిని దాటిపోయి గెలిచెను. అబెబె అయిదవవాడుగను, మామో పండ్రెండవవాడుగను గమ్యము చేరిరి. తొలి సగమున దాచుకొనవలసిన శక్తిని ముందే వెచ్చించుట మారథానున పెద్ద తప్పిదము. లోకవిజేతకును ఈ నియమమునందు మినహాయింపు లేదు. అబెబె నిలిచిపోక చివరివరకు పరుగెత్తెను. అతడు గమ్యము చేరియు గెలువని అంతర్జాతీయ మారథాను ఇదియొక్కటియే.

ఇరువురును స్వదేశమునకు మరలి, నిస్కానెన్ గుంపులో కలిసి, మొదటినుండి సాధనకు గడంగిరి. 1964లో టోక్యో ఒలింపిక్కులకు జరిగిన ఎంపిక పరుగులో అబెబె మొదటివాడుగను, మామో అతని వెన్నంటియు వచ్చిరి. అంతలో కొత్త చిక్కు వచ్చెను. సాధన చేయుచుండగా అబెబెకు కడుపునొప్పి పుట్టెను. వైద్యులు అపెండిసైటిస్ అని తేల్చి, సెప్టెంబరు 16న శస్త్రచికిత్స చేసిరి. పందెము అక్టోబరు 21న. నడుమ ముప్పదియయిదు దినములు! ఆసుపత్రిలో లేచి నిలువగల్గినది మొదలు అతడు మెల్లమెల్లగా కాళ్ళకు పని కల్పించెను. టోక్యోలో అతడు బూట్లు తొడుగుకొనియే పరుగెత్తెను. సగము దారివరకు ఇతరులు తోడుండిరి. పిమ్మట ఎవ్వరును లేరు. 2 గంటల 12 నిమిషముల 11 సెకండ్లలో ముగించి, మరల ప్రపంచమున కెల్ల శ్రేష్ఠమైన కాలమును నెలకొల్పెను. రెండవవాడు వచ్చుటకు ఇంకను నాలుగు నిమిషములు పట్టెను. ఆలోపల అబెబె పచ్చికపై పరుండి, కాళ్ళు పైకెత్తి, వ్యాయామము చేయుచుండెను! డెబ్బదివేల మంది కూర్చుండదగిన ఆ క్రీడాస్థలమున జనులు నివ్వెరపోయిరి. ఒలింపిక్ మారథానును వరుసగా రెండుమారులు గెలిచిన మొదటివాడు అతడే.

1968లో మెక్సికో నగరమున మూడవమారు గెలుచునని అందరును ఎదురుచూచిరి. ఆ నగరమును ఎత్తైన చోటనే యున్నది. ఇథియోపియావారికి అది అనుకూలము. కాని అబెబె ఎడమకాలి ఎముక చిట్లియుండెను. అయినను అతడు బరిలో నిలిచెను. ఇంచుమించు 17 కిలోమీటర్లు ముందువారితోడనే సాగి, ఆ పిమ్మట ఇక సాధ్యము కాదని తొలగిపోయెను. తొలగుటకు ముందు, పందెమును నీవు గెలువవలెనని మామోకు చెప్పి పోయెనని అందురు. మామో అప్పటికి ముప్పదియారేండ్లవాడు. మెల్బోర్ను నుండి లెక్కించిన పండ్రెండేండ్లుగా అతడు పరుగెత్తుచునే యున్నాడు. బోస్టనులో తోడు పరుగెత్తి వెనుకబడినవాడు, టోక్యోలో మారథానును ముగింపలేకపోయినవాడు. ఆనాడు 2 గంటల 20 నిమిషముల 26 సెకండ్లలో గమ్యము చేరి స్వర్ణపతకము గెలిచెను. రెండవవానికిని అతనికిని నడుమ మూడు నిమిషముల దూరముండెను. మూడు ఒలింపిక్కులలో మూడు పతకములును ఒక్క గుంపువారివే.

మరుసటి వసంతమున ఘోరము జరిగెను. 1969 మార్చి 22 రాత్రి అబెబె నడుపుచున్న చిన్నకారు రాజధానికి ఉత్తరముగా షెనో అను ఊరి చేరువ బోల్తాపడెను. తెల్లవారువరకు అతడు దానిలోనే చిక్కుకొనియుండెను. మెడవద్ద వెన్నుపూసకు దెబ్బ తగిలి శరీరము చచ్చుబడెను. చక్రవర్తి అతనిని ఇంగ్లండులోని స్టోక్ మాండవిల్ ఆసుపత్రికి పంపించెను. వెన్ను విరిగినవారికి చికిత్సతో పాటు క్రీడలు నేర్పించు ప్రసిద్ధ వైద్యశాల అది. ఎనిమిది నెలలు అచ్చట చికిత్స పొందగా చేతులకు బలము తిరిగి వచ్చెను. కాళ్ళు మాత్రము మరల కదలలేదు.

లోకమున నందరికంటె బాగుగా పరుగెత్తిన కాళ్ళు అవి. అతడెంత దుఃఖించెనో మన మూహింపవలసినదే. తరువాత నతడు చేసినది మాత్రము అందరికిని తెలిసినదే. చక్రముల కుర్చీలో కూర్చుండి విల్లు పట్టెను. బల్లబంతి ఆట నేర్చెను. 1970లో స్టోక్ మాండవిల్ క్రీడలలో తనవంటి వికలాంగులతో కలిసి పాల్గొనెను. 1971 ఏప్రిలులో నార్వే దేశమువారు అతనిని అతిథిగా పిలిచిరి. అతిథిగా ఊరకుండక అచ్చటి మంచుబండి పందెమున దిగి, తక్కినవారినందరిని దాటి మొదటివాడుగా నిలిచెను. మంచు కానరాని దేశమున పశువులు కాచినవాడు మంచుపై గెలిచినాడు!

1972లో మ్యూనిక్ ఒలింపిక్కులకు అతడు ఆహ్వానితుడై పోయెను. చక్రముల కుర్చీలో అతడు కనబడగానే జనులు లేచి నిలిచి గౌరవించిరి. ఆ యేటి మారథానున మామో మూడవవాడుగా వచ్చి కాంస్యపతకము పొందెను. అప్పటి కతడు నలుబదియేండ్లవాడు. గెలిచినవాడు అమెరికాకు చెందిన ఫ్రాంక్ షార్టర్. పతకము స్వీకరించిన పిమ్మట షార్టర్ అబెబె కూర్చున్నచోటికి వచ్చి అతని చేయి పట్టుకొని నమస్కరించెను.

1973 అక్టోబరు 25న, నాటి ప్రమాదము వలన కలిగిన ఉపద్రవముచే మెదడున రక్తనాళము చిట్లి, అబెబె బికిలా అడిస్ అబాబాలో మరణించెను. అతనికి భార్యయు నలుగురు బిడ్డలును కలరు. దేశమంతటను సంతాపదినము ప్రకటింపబడెను. సుమారు 65,000 మంది వెంట నడువగా, చక్రవర్తి సమక్షమున, సైనికలాంఛనములతో అతనిని సెయింట్ జోసెఫ్ చర్చి ఆవరణమున సమాధి చేసిరి. అప్పటికి అతని వయస్సు 41 సంవత్సరములు.